సెవిల్‌లో ఒక పూట... వంటింట్లో!

స్పెయిన్ వెళ్తే కోటల ముందు సెల్ఫీలు ఎలాగూ దిగుతాం. ఒక్క పూట మాత్రం వంటకి ఇచ్చి చూడండి. సెవిల్‌లో నది దాటగానే ట్రియానా మార్కెట్. కూరగాయల కొట్ల మధ్యే అక్కడ వంట క్లాసులు జరుగుతాయి. నేర్పేది టపాస్... అంటే చిన్న ప్లేట్లలో నలుగురూ పంచుకుని తినేవి.

మొదట సాల్మొరేహో. పక్క ఊరు కోర్డోబా వంటకం. పండు టమాటాలు, నిన్నటి బ్రెడ్, వెల్లుల్లి, ఉప్పు మిక్సీలో వేసి, ఆలివ్ నూనె ధారగా పోస్తూ తిప్పడమే. పొయ్యితో పనే లేదు! పైన ఉడికిన గుడ్డు, హామోన్ అనే పంది మాంసం ముక్కలు చల్లుతారు. వద్దనుకుంటే ముందే చెప్పేయండి.

తర్వాత టోర్టియా. బంగాళదుంపల్ని మన వేపుడులా కరకరలాడనివ్వరు. నూనెలో సన్నటి సెగ మీద మెత్తబడ్డాక గుడ్ల సొనలో కలిపి, పెనంలో అట్టులా వేస్తారు. దానిమీద ప్లేటు బోర్లించి ఒక్కసారిగా తిరగేయాలి. గుండె జారినంత పనవుతుంది!

తాగడానికి టింటో డే వెరానో. రెడ్ వైన్, నిమ్మ సోడా సగం సగం, నిండా ఐస్. అంతే.

రెస్టారెంట్లో కూర్చుంటే ఇవి ఖరీదైన ఫారిన్ వంటల్లా కనిపిస్తాయి. చేత్తో చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది... ఎండిన రొట్టెని కూడా పారేయని ఇళ్ల వంటలివి. మిగిలిన అన్నంతో పులిహోర కలిపే మనకి ఆ లెక్క వెంటనే అర్థమైపోతుంది!