చేతికి తెలిసింది, మనసు మరిచింది

చదువుకున్నదంతా జ్ఞాపకం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి. నేను నర్సును. ఇరవై రెండేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. మాది కంచరపాలెం. నాన్న రైల్వేలో ఫిట్టరు. గూడ్సుబండి కూత వింటూ నిద్రపోయి, మళ్ళీ ఆ కూతకే లేచిన ఇల్లు మాది. చిన్నతనంలో అమ్మమ్మకు జబ్బు చేస్తే, నాన్న వెంట కింగ్ జార్జి ఆసుపత్రికి వెళ్ళాను. 1923లో వెలిసిన ఆ ఆసుపత్రే ఇప్పటికీ మా ప్రాంతపు బీదాబిక్కీకి పెద్ద దిక్కు. అక్కడ తెల్లబట్టలు కట్టుకుని చకచకా తిరుగుతున్న సిస్టర్లను చూసి, "నేనూ ఇలాగే అవుతాను నాన్నా!" అన్నానట. అయ్యాను. నాకు ఉద్యోగం దొరికింది మాత్రం అక్కడ కాదు, వేరే చోట. ఆ చోటు పేరుతో ఈ కథకు పనిలేదు.

ఇంతకీ సంగతేమిటంటే, కిందటేడు పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి పుస్తకం ముందేసుకుని, "అమ్మా! అగ్రద్వయ కవాటం గుండెలో ఏ పక్కన ఉంటుంది? ఎడమా, కుడా?" అని అడిగింది. నోరు తెరిచాను. మాట రాలేదు. రోజూ గుండె జబ్బు మనుషులను చూసేదాన్ని, కుడిఎడమలు చెప్పలేకపోయాను! "పొయ్యిమీద పాలున్నాయి, మీ మేష్టార్ని అడుగు" అని వంటింట్లోకి తప్పుకున్నాను. పొయ్యిమీద పాలూ లేవు, ఏమీ లేవు.

అప్పుడు పట్టుకుంది నాకు దిగులు. ట్రైనింగు రోజుల్లో కంఠతా పట్టిన ఎముకల పేర్లు, నరాల పేర్లు, రక్తం గడ్డకట్టే వరస, ఒక్కొక్కటీ తలుచుకుని చూస్తే సగానికి సగం మాయం! "నేను అసలు నర్సునేనా? యూనిఫారం చూసి జనం మోసపోతున్నారేమో!" అనిపించేది. ట్రైనింగుకు వచ్చే అమ్మాయిలు ఏదైనా అడుగుతారేమోనని, ఉత్త పుణ్యానికి పని కల్పించుకుని పక్కకు తప్పుకునేదాన్ని. ఈ మాట ఎవరితోనూ అనలేదు. తోటి సిస్టర్లకూ ఇదే దిగులుందని తరువాత తెలిసింది. ఎవరికివారు తామొక్కరే మరిచిపోయామనుకుంటూ, గుంభనగా తిరుగుతున్నారు.

ఇలా ఉండగా ఒక రాత్రి పిల్లల వార్డులో డ్యూటీ పడింది. ఏడాదిన్నర పిల్లవాడిని తీసుకొచ్చారు. వాంతులు, విరేచనాలు. పది కిలోల బరువు. ముందు చెయ్యవలసిన వైద్యమంతా అయి, వాడు కాస్త తేరుకున్నాక, గంటకు 40 మిల్లీలీటర్ల చొప్పున సెలైను పోనివ్వమని డాక్టరుగారు రాసి వెళ్ళారు. ఈ లెక్క ఈనాటిది కాదు. 1957లో హాలిడే, సెగార్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు చెప్పింది: మొదటి పది కిలోలకు, కిలో ఒక్కింటికి రోజుకు 100 మిల్లీలీటర్లు. పది కిలోలకు 1000. దాన్ని 24 గంటలకు పంచితే సుమారు 40.

పంపు ఉంటే యంత్రమే కొలుచుకుని పోస్తుంది. ఆ రాత్రి ఉన్న ఒక్క పంపూ మరో బిడ్డకు పెట్టి ఉంది. పిల్లలకు వాడే మైక్రో సెట్లు అయిపోయాయి. స్టోరు తాళం పగటి ఇన్‌ఛార్జి దగ్గర ఉంది. సరే, మామూలు సెట్టే తగిలించాను. గడియారం చూసుకుంటూ నిమిషానికి 40 చుక్కలు పెట్టాను. ఏళ్ళ తరబడి చేసిన పని. చెయ్యి తనంతట తానే చేసుకుపోయింది.

పక్కన చార్టు రాస్తున్న ట్రైనింగు అమ్మాయి తలెత్తి, "సిస్టర్! డాక్టరుగారు గంటకు 40 మిల్లీలీటర్లని రాశారు. మీరు నిమిషానికి 40 చుక్కలు పెట్టారు. రెండూ ఒకటే అంకె ఎలా అయ్యాయండీ?" అంది.

నాకు ఒళ్ళు మండింది. నన్నే పరీక్ష చేస్తోందా ఈ పిల్ల అనుకున్నాను. "అది అంతే. రాసుకో" అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుని రాసుకుంది. కాని నా మనసు ఊరుకోలేదు. ఎందుకు ఒకటే అంకె? ఇరవై రెండేళ్ళుగా వాడుతున్నాను గదా, ఎందుకు? చార్టు కాగితం వెనక పెన్సిలుతో వేసి చూశాను. మైక్రో సెట్టులో 60 చుక్కలైతే ఒక మిల్లీలీటరు. గంటకు 60 నిమిషాలు. ఆ అరవైకీ ఈ అరవైకీ చెల్లు. అందుకని గంటకు ఎన్ని మిల్లీలీటర్లో, నిమిషానికి అన్ని చుక్కలు. ఓహో, ఇంతేనా అనుకున్నాను.

మరుక్షణం గుండె ఝల్లుమంది. తగిలించింది మైక్రో సెట్టు కాదు! చెత్తబుట్టలోంచి కవరు తీసి చూశాను. 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు అని ఉంది. అంటే గంటకు 40 కాదు, 120 పోతోంది. మూడింతలు! పెద్దవాళ్ళయితే తట్టుకుందురేమో గాని, పసివాడి ఒంట్లో అంత నీరు గంటల తరబడి చేరితే ఊపిరితిత్తులకే ముప్పు.

పరుగెత్తి గొట్టం బిగించాను. గడియారం చూస్తే అయిదు నిమిషాలైంది. ఏడు మిల్లీలీటర్లు పోవలసిన చోటు కాదది. మూడు పైచిలుకు పోవలసిన చోట పది పోయింది. లెక్క సరిచేసి నిమిషానికి 13 చుక్కలు పెట్టాను. డాక్టరుగారిని పిలిచి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన బిడ్డను పరీక్ష చేసి, "ఫరవాలేదు, చూస్తూ ఉండండి" అన్నారు. రిపోర్టు పుస్తకంలో నా చేత్తో రాసి సంతకం పెట్టాను. తల్లి లేచి, "పిల్లడికి ఏటైనాది సిస్టరమ్మా?" అంది. "మందు కాస్త జోరుగా పోయిందమ్మా, సరిచేశాను, నేనిక్కడే ఉంటాను" అన్నాను. తెల్లవార్లూ ఆ మంచం పక్కనే కూర్చున్నాను.

తరువాత ఆ అమ్మాయిని పిలిచి, "నువ్వు అడగబట్టి సరిపోయింది తల్లీ! ఇందాక విసుక్కున్నందుకు ఏమీ అనుకోకు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అంత కష్టమవుతుందనుకోలేదు. అన్నాక అంత తేలిక అవుతుందనీ అనుకోలేదు.

పొద్దున్న డ్యూటీ దిగి, రైతుబజారు ముందు కూరల సంచితో నిలబడి ఆలోచించాను. నేను ఇన్నాళ్ళూ దిగులు పడింది ఎముకల పేర్ల కోసం. అవి పుస్తకంలో ఉన్నాయి; కావలసినప్పుడు తీసి చూసుకోవచ్చు. ఇరవై ఏళ్ళలో చెయ్యి నేర్చింది ఏ పుస్తకంలోనూ లేదు. కాని చెయ్యి చేసే పనికి కారణం ఏమిటో మరిచిపోతే, పరిస్థితి మారిన రోజున ఆ చెయ్యే మోసం చేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది, మరిచిపోవడం కాదు, మరిచిపోయామని దాచుకోవడం. నేను "అది అంతే" అన్నప్పుడే కదా ప్రమాదం వార్డులో అడుగు పెట్టింది!

జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు, అర్థంలేని అక్షరాల ముక్కలు తానే వల్లెవేసి, ఎన్నాళ్ళకు ఎంత మరిచిపోయాడో లెక్కగట్టి 1885లో పుస్తకం అచ్చువేశాడు. మరపు మొదట గబగబా వచ్చి, తరువాత నెమ్మదిస్తుందట. మరిచిన దానిని మళ్ళీ నేర్చుకోవడానికి మాత్రం, మొదటిసారి పట్టినంత సేపు పట్టదట. నాకూ అలాగే జరిగింది. రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొని, వారానికొక పాఠం చొప్పున మా అమ్మాయితో కలిసి కూర్చున్నాను. పోయాయనుకున్నవి ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి, పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగా.

ఆ పిల్లవాడు మూడో రోజున కులాసాగా ఇంటికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు నా జేబులో పెన్ను లాక్కుని ఇవ్వనన్నాడు. ఉంచుకోమన్నాను.

మొన్న మా అమ్మాయి మళ్ళీ ఏదో అడిగింది. "తెలియదే, పద చూద్దాం" అన్నాను. పొయ్యిమీద పాలు నిజంగానే పొంగిపోయాయి గాని, ఆ రోజుకి ఫరవాలేదు. అన్నట్టు, అగ్రద్వయ కవాటం ఎడమ పక్కనే ఉంటుంది.