పన్నెండు చుక్కలు, పది చుక్కలు

ఈ వేసవిలో నున్న మార్కెట్టు నుంచి మా గుణదల ఇంటికి ఒక బుట్టెడు బంగినపల్లి కాయలు వచ్చాయి. వాటిని వరిగడ్డిలో మాగవేస్తూ, ఏళ్ల తరబడి రోగులకు చెబుతూ వచ్చిన మాటనే మా మనుమరాలికీ చెప్పాను: “కార్బైడైనా, ఇథిలీనైనా, మందు పెట్టి పండించినదంతా విషమే తల్లీ.”

ఇంటర్మీడియట్ చదువుతున్న ఆ పిల్ల పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, “ఈ గడ్డిలో కాయలను పండించేదీ ఇథిలీనే కదా తాతయ్యా!” అన్నది.

ఆమె అప్పుడు లూయిస్ నిర్మాణాలు గీస్తున్నది. 1916లో గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ ప్రతిపాదించిన పద్ధతి అది. నేనూ ఒకప్పుడు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కినవాడినే. అందుకని పక్కన కూర్చుని మళ్లీ లెక్కపెట్టాను.

కర్బనానికి బయటి ఎలక్ట్రాన్లు 4, హైడ్రోజన్‌కు 1. ఇథిలీన్‌లో కర్బనాలు రెండు, హైడ్రోజన్లు నాలుగు. మొత్తం 12 చుక్కలు. అన్నింటినీ ఏకబంధాలతో కలిపితే ఐదు బంధాలకు 10 ఖర్చవుతాయి. మిగిలిన రెండింటినీ ఒక కర్బనానికి ఇస్తే దానికి ఎనిమిదీ నిండుతాయి, రెండవదానికి ఆరే ఉంటాయి. ఆ జంటను రెండింటి మధ్యకు తెస్తే ఇద్దరి కొరతా తీరుతుంది. అదే ద్విబంధం. ఎసిటిలీన్‌కు ఉన్నవి 10 చుక్కలే. మూడు బంధాలకు 6 పోగా మిగిలిన రెండు జంటలూ కర్బనాల మధ్యకే చేరాలి. అది త్రిబంధం. ఈథేన్‌కు 14, బంధాలు ఏడు, మిగులు సున్న.

ఆ మిగులులోనే అసలు సంగతి ఉన్నది. కాయ కణాలలో ఇథిలీన్‌ను గుర్తించే గ్రాహకంలో రాగి అయాను ఉంటుంది. ద్విబంధపు ఎలక్ట్రాన్లు దానిని పట్టుకున్నప్పుడు పక్వానికి సంకేతం అందుతుంది. ఎసిటిలీన్ త్రిబంధం కూడా ఆ పని చేయగలదు, కాకపోతే చాలా ఎక్కువ మోతాదు కావాలి. ఈథేన్ వల్ల కాదు. కార్బైడ్‌లో కర్బనాల జంట ముందే త్రిబంధంతో ఉంటుంది. కాయల తేమ తగలగానే రెండు హైడ్రోజన్లను తీసుకొని ఎసిటిలీన్‌గా బయటపడుతుంది.

మరి విషం ఎక్కడిది? ఎంత గీసినా ఆ చుక్కలలో అది కనిపించదు. బజారులో దొరికే కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి. ఆటోనగర్ వెల్డింగు షెడ్లలో వచ్చే వెల్లుల్లి వంటి ఘాటు ప్రధానంగా ఎసిటిలీన్‌ది కాదు, ఫాస్ఫీన్ వంటి ఈ మలినాలది. కాయకు అంటుకునేవీ ఇవే. నోటి మంట, పుండ్లు, తలతిరుగుడు, వాంతులు కలగవచ్చు. పొట్లాలు పెట్టే కూలీకైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. తడి చేతికి, కంటికి కార్బైడ్ పొడి తగిలితే సున్నమూ వేడీ కలిసి కాలుస్తాయి. ఆ వాయువు నిప్పంటుకుంటుంది కూడా. తినేవారి గురించి ఇంత మాట్లాడే మేము అతనిని ఎన్నడూ అడగలేదు.

2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు కార్బైడ్‌తో పండించడాన్ని నిషేధించాయి. ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల భాగాలకు 100 భాగాల వరకు అనుమతిస్తారు. కనుక ఇథిలీన్ గదిలో పండిన పండును నా మాట నమ్మి మానుకున్న రోగులకు నేను చెప్పినది తప్పు. కార్బైడ్ విషయంలో మాత్రం నా మాట మారదు.

సాయంత్రం గడ్డి తీసి చూశాము. రెండు కాయలకు ముచ్చిక దగ్గర వాసన వచ్చింది. ఆ పిల్ల ప్రొపిలీన్‌కు 18 చుక్కలు పెట్టి, ఎనిమిది బంధాలకు 16 తీసివేసి, “ఒక జంట మిగిలింది తాతయ్యా, దీనితోనూ కాయ పండాలి” అన్నది. పండుతుంది, ఇథిలీన్ అంత చురుకుగా కాదు.