పధ్నాలుగు సెకన్లు

పాతకారు వున్నవాడికి శత్రువులు వేరే అక్కర్లేదు, ఇంట్లోవాళ్లు చాలు. మా గరాజులో 1991 నాటి మిత్సుబిషి ఎక్లిప్స్ ఒకటి వుంది. దాని రంగు ఎరుపని నేనంటాను. వెలిసిపోయిన ఇటుకరంగని మా ఆవిడ అంటుంది. డల్లాసులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1997లో, దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాను. మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు విమానాశ్రయంనుంచి ఇంటికి తీసుకువచ్చింది ఆ కార్లోనే. “ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది. దాన్ని అమ్మేస్తే ఆ చోట బియ్యంబస్తాలు పెట్టుకోవచ్చు” అని ఆవిడ ఇరవై ఏళ్లుగా అంటూనే వుంది. నేను వింటూనే వున్నాను.

2022 వేసవిలో ఒక శనివారం రాత్రి ఒంటిగంటకు ఫోను మోగింది. వేళగానివేళ ఫోను మోగితే మాకు ముందుగా గుర్తొచ్చేది బెజవాడలో వున్న నాన్నగారు. ఆయనకు అప్పటికి ఎనభై ఏళ్లు. కాని ఆ ఫోను ఇక్కడి పోలీసులది. సినిమాకని చెప్పి వెళ్లిన మావాడు, పదిహేడేళ్లవాడు, ఒక స్నేహితుడి కార్లో పక్కసీట్లో కూచున్నాడట. రెండు కార్లు ఖాళీరోడ్డుమీద పందెం వేసుకున్నాయి. వీళ్ల కారు మలుపులో అదుపు తప్పి, డివైడరెక్కి, దీపస్తంభానికి బారెడు దూరంలో ఆగింది. భగవంతుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు.

వెళ్లి వాణ్ణి తీసుకువచ్చాను. దారి పొడుగునా ఇద్దరం మాట్లాడలేదు. గుమ్మంలోనే వాళ్లమ్మ వాడి తలా, చేతులూ తడిమి చూసుకుంది. అన్నీ సరిగానే వున్నాయని నమ్మకం కుదిరాక తిట్టడం మొదలుపెట్టింది. తిట్టి తిట్టి చివరికి తనే కూచుని ఏడ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. “ఇంకెప్పుడూ వెళ్లకు” అని శాసించవచ్చు. కాని వాడి వయసులో నేను కృష్ణకాలవ గట్టుమీద లూనాలమీద పందేలు వేసినవాణ్ణే. నాన్నగారు వద్దంటే విన్నానా? ఆయన చూడని గట్టు వెతుక్కున్నాను, అంతే.

ఈ చిక్కు ఈ దేశానికి కొత్తది కాదు. 1950లోనే దక్షిణ కాలిఫోర్నియాలో, సాంటా ఆనా విమానాశ్రయంలో, కుర్రకారు డబ్బు కట్టి కార్లు పరుగెత్తించుకోవడానికి ఒక బాట తెరిచారు. ఆ మరుసటి ఏడు వాలీ పార్క్స్ అనే ఆయన జాతీయ హాట్‌రాడ్ సంఘం స్థాపించాడు. వీధుల్లో పందేలు వేసేవాళ్లను నియమాలున్న చోటికి మళ్లించాలన్నది ఆయన ఆలోచన. మా వూరికి దక్షిణంగా ఎన్నిస్ దగ్గర, 1986లో కట్టిన టెక్సాస్ మోటార్‌ప్లెక్స్ వుంది. తిన్నగా పావుమైలు సిమెంటుబాట. మామూలు జనం తమ కార్లు తెచ్చుకుని పరుగెత్తించే రాత్రులు అక్కడా వుంటాయి.

తెల్లవారాక మావాణ్ణి గరాజులోకి పిలిచి ఒప్పందం చెప్పాను. “వీధిలో పందెం అన్న మాట ఇక వినపడకూడదు. దానికి బదులు మనిద్దరం ఈ కారును పావుమైలు పధ్నాలుగు సెకన్లలోపు పరుగెత్తిద్దాం. ఖర్చు వెయ్యి డాలర్లు దాటకూడదు. లెక్క నువ్వు రాయాలి.”

వాడు నాకేసీ, కారుకేసీ చూసి, “ఇదా, నాన్నా?” అన్నాడు.

మొదటి రాత్రి నేనే నడిపాను. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు నడపాలంటే తల్లిదండ్రుల సంతకాలు కావాలన్నారు. వాళ్లమ్మ ఆ కాగితం ముట్టుకోనని భీష్మించింది. నా ముందు దీపాల స్తంభం. పసుపుదీపాలు ఒకటి తరువాత ఒకటి అరసెకను తేడాతో వెలుగుతాయి, ఆపైన ఆకుపచ్చ. నేను కంగారుపడి పచ్చదీపం వెలిగిన చాలాసేపటికి కదిలాను. పరుగయ్యాక చేతికిచ్చిన చీటీలో 15.6 సెకన్లు, చివర వేగం గంటకు 87 మైళ్లు అని వుంది.

మావాడు ఆ చీటీని పరీక్ష పేపరులా చదివాడు. అందులో మొదటి అరవై అడుగుల టైము విడిగా వుంటుంది. మాది 2.3 సెకన్లు. గడియారం మొదలయ్యేది దీపం వెలిగినప్పుడు కాదు, చక్రం గీత దాటినప్పుడు; కనక నేను ఆలస్యంగా కదిలినా ఈ లెక్కలో నష్టం లేదు. చివరి వేగం ఇంజను బలాన్ని చెబుతుంది. మొదటి అరవై అడుగులు నడిపేవాడి పనితనాన్ని చెబుతాయి. “అంటే ఇంజనూ బాగాలేదు, మీరూ బాగాలేరు” అని తేల్చాడు.

వాడి మందు సిద్ధంగానే వుంది: పెద్ద టర్బో. ఖరీదు పదిహేనువందలు. వెయ్యి దాటకూడదన్నది మొదటిరోజే మరిచిపోయాడు. ఇద్దరికీ మాట కుదరక బెజవాడకు ఫోను చేశాం. నాన్నగారు ఆర్టీసీ డిపోలో ముప్ఫైఅయిదేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. మనవడు చెప్పిందంతా ఓపిగ్గా విని, “ఒరే మనవడా, పెద్ద టర్బో సంగతి తరవాత. వున్న గాలి ఎక్కడికి పోతోందో చూశావా? సైకిలు ట్యూబుకు పంక్చరు ఎలా పట్టుకుంటారు?” అని అడిగారు. పాపం, మావాడు సైకిలు ట్యూబును నీళ్లబేసిన్లో ముంచడం ఎన్నడూ చూసినవాడు కాదు. తాతగారు ఫోనులో చేతులు తిప్పుతూ చూపించారు.

టర్బో అంటే మరేమీ కాదు, పొగతో తిరిగే కొలిమితిత్తి. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకున్న రెండో చక్రం బయటిగాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం పెరుగుతుంది. మా కారులో వచ్చేగాలిని ముందే ఒక మీటరు కొలిచి, దానికి తగిన పెట్రోలు పోయిస్తుంది. ఆ తరువాత దారిలో గొట్టం చిరిగి గాలి బయటికి పోయిందనుకోండి, పెట్రోలు మాత్రం పూర్తిగా పడుతుంది. జీతం చీటీలో వున్న డబ్బు ఇంటికి చేరకపోయినా ఖర్చులు మాత్రం ఆ జీతం ప్రకారమే పెట్టినట్టు. నల్లపొగ రావడం, బలం తగ్గడం అందుకే.

కారును బేసిన్లో ముంచలేం గనక గొట్టాలు అమ్మే కొట్లో ఒక టోపీలాంటి మూత కొని, దానికి టైరువాల్వు బిగించి, టర్బో నోటికి తగిలించి గాలి కొట్టాం. చేసింది మావాడు, ఖర్చు ఇరవై డాలర్లు. అతుకులమీద సబ్బునీళ్లు చల్లేసరికి మూడుచోట్ల బుడగలు వచ్చాయి. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరు దగ్గర రబ్బరు అతుకు ఒకటి, థ్రాటిల్ ఇరుసు దగ్గర అరిగిన సీలు రెండోది, ఒక వాల్వుకింద గాస్కెట్టు మూడోది. మావాడు ఎగిరి గంతేసి ఆ బుడగలను ఫోటో తీసి తాతగారికి పంపించాడు. రబ్బర్లకు, బిగించే పట్టీలకు అయినది నలభైఅయిదు. కొత్త స్పార్కుప్లగ్గులు పన్నెండు. రెండోరాత్రి అదే టర్బోతో 15.0 సెకన్లు వచ్చింది, 91 మైళ్ల వేగం. ఆరు పదోవంతులు తగ్గడానికి ఖర్చయింది డెబ్భైఏడు డాలర్లు.

తరువాత ఖర్చుపెట్టింది పరుగుకు పనికిరాని వస్తువుమీద: టైమింగు బెల్టు, నూటతొంభై. ఆ ఇంజనులో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి అంతా నాశనమవుతుంది. మావాడు మొహం ముడుచుకున్నాడు. “వేగం పెంచేముందు పునాది చూసుకోవాలి” అని తాతగారు తీర్పు చెప్పారు. ఆపైన ఒత్తిడి చూపే మీటరు నలభై, ఎయిర్ ఫిల్టరు నలభైఎనిమిది, ఎక్కువ పెట్రోలు అందించే పంపు నూటఅయిదు. పొగ సులువుగా పోవడానికి మూడంగుళాల సైలెన్సరు గొట్టం మూడువందల నలభై; గిలక్కాయంత వాల్వు ఒకటి ముప్ఫైఅయిదు. గోలీ, స్ప్రింగూ వున్న ఆ వాల్వును తిప్పితే టర్బో ఒత్తిడి పెరుగుతుంది.

ఇక్కడే మా ఇద్దరికీ పెద్ద తగువు వచ్చింది. కంపెనీవారు పెట్టిన ఒత్తిడి పది పదకొండు పౌండ్లు. నేను పదిహేను దగ్గర ఆపుదామన్నాను. వాడు ఇరవై అన్నాడు. ఒత్తిడి హద్దు మీరితే సిలిండరులో పెట్రోలు వేళకు ముందే పేలి పిస్టన్లను కొడుతుంది. “ఇంజను తలుపు తడుతుందిరా. ఆ చప్పుడు విని ఆగినవాడిదే ఇంజను” అనేవారు నాన్నగారు. మావాడు ఆ మాటకు ఏమనుకున్నాడోగాని, కాసేపు వూరుకుని, “సరే, పదిహేను” అన్నాడు. వాడి కళ్లముందు దీపస్తంభం కనపడిందేమో. నేను అడగలేదు.

93 ఆక్టేను పెట్రోలు పోసుకుని మూడోరాత్రి వెళ్లాం. 14.3 సెకన్లు, 96 మైళ్లు. వేగం చూస్తే ఇంజను తన వంతు చేసింది. మిగిలిన మూడు పదోవంతుల బాకీ నాది. వయసు మీదపడ్డ నా ఎడమకాలు క్లచ్చుతో సయోధ్యగా లేదు.

అప్పుడు మా ఆవిడ లెక్కలపుస్తకం తెమ్మంది. సంతకం సంగతి తేల్చుకోవడానికి ఆవిడ మాకు చెప్పకుండా పందేల నియమాలన్నీ చదివిందిట.

“ఏమండీ, మీ లక్ష్యం పధ్నాలుగు లోపు కదూ?”

“అవును.”

“13.99గాని, అంతకు తక్కువగాని వస్తే హెల్మెట్ తప్పనిసరి అని రాసివుంది. మరి ఈ లెక్కలో హెల్మెట్ ఏదీ?”

తండ్రీకొడుకులం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. సామానుకు 835, నాలుగోరాత్రితో కలిపి టిక్కెట్లకు 120, మిగిలేది నలభైఅయిదు. గొట్టానికి మూడువందల నలభై పెట్టినవాళ్లం తలకాయకు ఏమీ పెట్టలేదు. మా ఆవిడ పుస్తకం మూసేసి లోపలికి వెళ్లింది. నాలుగురోజుల తరువాత అట్టపెట్టె ఒకటి వచ్చింది. అందులో హెల్మెట్ వుంది; సైజు వాడిది. ఆ రాత్రి కాగితంమీద సంతకం పెడుతూ, “నేనూ వస్తాను” అంది.

బయలుదేరేముందు కారులో బరువు తీశాం. వందపౌండ్లు తగ్గితే పదోవంతు సెకను కలిసివస్తుందని ఈ ఆటలో ఒక వాడుక లెక్క. వెనకసీటు, స్టెప్నీ, జాకీ, గొడుగు, నిరుడు కొని మరిచిపోయిన కందిపప్పు బస్తా అన్నీ దిగాయి. చల్లటిగాలి చిక్కగా వుంటుందని పొద్దుపోయేదాకా ఆగి, పరుగుకూ పరుగుకూ మధ్య బానెట్ ఎత్తి ఇంజనును చల్లారనిచ్చాం.

మావాడి మొదటి పరుగు 14.4. తొందరపడి క్లచ్చు ఒక్కసారిగా వదిలాడు. రెండోసారి 14.1. మూడోసారి టైర్లలో గాలి కాస్త తగ్గించాం. ఇంజనును నాలుగున్నరవేల చుట్లమీద నిలిపి, క్లచ్చును పాలగిన్నె దించినంత మెల్లగా వదిలాడు. నాలుగు చక్రాలూ నేలను పట్టుకున్నాయి. పక్కబాటలో కొత్తకారు ఒకటి వీడిని దాటి దూసుకుపోయింది.

“ఓడిపోయాడా?” అంది మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని.

దూరాన బోర్డుమీద అంకెలు వెలిగాయి: 13.92.

“గెలిచాడు” అన్నాను.

“పక్కవాడు ముందు వెళ్లాడు కదండీ!”

“పక్కవాడితో మనకు పందెం లేదే” అన్నాను. చీటీలో మొదటి అరవై అడుగులు 1.9 సెకన్లు. ఇంజనులో ఒక్క మేకు మార్చకుండా వచ్చిన బాగు అది.

తిరిగి వచ్చేటప్పుడు మా ఆవిడ తన కార్లో వెనక వస్తోంది. మావాడు ఎక్లిప్స్ నడుపుతున్నాడు, నేను పక్కన కూచున్నాను. మా వీధి మలుపుకు ముందున్న సిగ్నలు దగ్గర ఎర్రదీపం పడింది. పక్కన ఒక కుర్రాడి కారు వచ్చి ఆగి, మా లావాటి గొట్టం చప్పుడు విని, ఇంజను రెండుసార్లు గుర్రుమనిపించింది. అదేమిటో నాకు తెలుసు. మావాడికీ తెలుసు. నేను నోరు మెదపలేదు. కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాను. గుండె మాత్రం ఇంజను తలుపు తట్టినట్టు కొట్టుకుంటోంది.

పచ్చదీపం వెలిగింది. పక్కకారు కీచుమంటూ ఎగిరిపోయింది. మావాడు క్లచ్చు మెల్లగా వదిలి, రెండో గేరు వేసి, “నాన్నా, అమ్మ వెనకాలే వస్తోందా?” అన్నాడు.