దోనెకు చక్రములు

మా పలివెల గ్రామమునకు ఉమాకొప్పేశ్వరస్వామివారి యాలయము వలన ప్రసిద్ధి కలిగినది. కాని నేను వ్రాయబూనినది ఆలయమును గూర్చి కాదు. మా మేనమామగారి తాటిదోనెను గూర్చి. ఆ దోనె నీటిలో నున్నంతసేపు పదేండ్ల బాలుడు సైతము గడతో నడుపగలడు. గట్టునకు జేర్చినచో ఎనమండుగురు పెద్దవారు పట్టినగాని కదలదు.

తాటిదోనె నెరుగనివారి కొరకు రెండు మాటలు. ముదిరిన తాటిచెట్టు మానునకు వెలుపలి చేవ నల్లగా ఇనుమువలె నుండును; లోపలి భాగము మెత్తన. ఆ మెత్తని భాగమును తొలిచివేసినచో దోనె యగును. మొదలు ఉబ్బెత్తుగా నుండును గావున అది ముందువైపు. తెరచియున్న రెండవకొనను పలకతో మూసి బంకమన్ను మెత్తుదురు. ఇట్టి దోనెలు రెండింటిని జతగా గట్టినచో దానిని సంగడి యందురు.

ధవళేశ్వరమున ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని వలన కోనసీమకు కాలువలు వచ్చినవి, పంటలు వచ్చినవి. మావంటివారికి కాలువచేపలును వచ్చినవి. అయితే దాళ్వాపంట చేతికి వచ్చిన పిమ్మట, వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేయుదురు. నీరు ఇంకిపోవును. దోనె ఎండలో పడియున్నచో బీటలు వారును. కావున ఏటేట వేసవిలో దానిని ఏటిగట్టు దాటించి గౌతమిలో దింపవలెను.

పూర్వము దోనెకు మోకులు చుట్టి, వెదురుబొంగులు దూర్చి, ఇరువైపుల నలుగురేసి భుజములపై మోసెడివారు. వారికి కూలి చేపలే. నేను తొమ్మిదవ తరగతి చదువుచుండగా, గట్టు ఎక్కునప్పుడు ముందువరుసలో నొకని కాలు జారెను. బొంగు విరిగి, దోనె మా నాయనగారి పాదముపై బడెను. రెండు వ్రేళ్లు నలిగిపోయినవి. మూడు మాసములు ఆయన పనికి పోలేదు. మరుసటి వేసవిలో దోనె కాలువగట్టుననే, కొబ్బరాకుల క్రింద, తడిగోనెలు కప్పుకొని పడియుండెను. ఏటికి ఎప్పుడు పోవుదువని అమ్మ అడుగగా, మామయ్య నాయనగారి వంక జూచి, “బావా! నీ కాలు చూచిన తరువాత ఎవరిని రమ్మని పిలువను?” అనెను. ఆ వేసవిలో మా రెండిండ్లలోను అప్పు పెరిగినది. నా పుస్తకములకు డబ్బు ఆలస్యముగా వచ్చినది.

ఆ దినములలో నొకనాడు, విదేశములందు చేపలుపట్టు చిన్న ప్లాస్టిక్ పడవను ఒక మనుష్యుడు రెండు చక్రముల బండిపై నెక్కించి ఒంటిచేతితో లాగికొనిపోవుట చలనచిత్రమున జూచితిని. దానిని కయాక్ అందురట. గ్రీన్లాండు మొదలగు శీతలదేశముల ఇనూయిట్ జనులు కొయ్యచట్రముపై సీలు చర్మము కుట్టి చేసికొనెడి వేటపడవ యది. ఒక్కడే ఎత్తుకొని పోగలిగినంత తేలిక. నేడు ప్లాస్టిక్‌తో చేసి, పీటలు, గాలములు, పెట్టెలు చేర్చి, నలుబది కిలోలకు మించిన బరువు చేసికొని, దానికి మరల చక్రములు వెదకుకొనుచున్నారు! పడవను నేలపై నడుపుట క్రొత్త సంగతియు గాదు. పౌలు పత్రికలు వ్రాసిన కొరింథు పట్టణము చెంత, ఆయన కాలమునకు ఆరువందల యేండ్లకు పూర్వమే రాతిబాట పరచి, ఓడలను ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు నేలపై లాగెడివారు.

నేను మొదట పాతసైకిలు చక్రములు రెండు బిగించితిని. పొలముగట్టు దాటకముందే వాని పుల్లలు వంగిపోయినవి. రెండవమారు రావులపాలెములో పాతయినుపసామాను అమ్ముచోట మోటారుసైకిలు చక్రములు కొంటిమి. ఇసుకలో దిగబడకుండుటకు గాలి కొంచెము తీసివేసితిమి. అప్పుడు టైరు నేలపై వెడల్పుగా నానుకొనును.

ఇరుసు ఎచ్చట నుండవలెను? గరిమనాభిని గూర్చి పాఠములో చదివినది జ్ఞప్తికి వచ్చి, కొబ్బరిదుంగపై దోనెను అటునిటు జరిపి చూచితిని. మామయ్య నవ్వి, “ఏమిరా అల్లుడా, దోనెను త్రాసులో తూచుచున్నావా?” అనెను. మొదలు బరువు గనుక సమముగా నిలిచినచోటు నడిమికంటె ముందునకే యున్నది. దానికి జానెడు వెనుకగా ఇరుసు నుంచితిమి. అట్లు చేసినచో ముందుకొన లాగువాని చేతిపై కొంచెము బరువుగా నిలుచును. మన్ను మెత్తిన వెనుకకొన నేలకు తగులదు. ఈ లెక్క సరిపోయినది. నలుగురమే దోనెను ఏటిగట్టుపైకి జేర్చితిమి.

తప్పు చేసినది అచ్చటనే. దిగునప్పుడు వెనుకత్రాటిని కొబ్బరిచెట్టునకు రెండు చుట్లు త్రిప్పి మెల్లగా వదలవలెనని అనుకొంటిమి. త్రాడు మార్చి కట్టుటకై విప్పితిని. చక్రముల క్రింద రాయి పెట్టుట మరచితిని. బండి కదలెను. క్రింద మా తమ్ముడు తాటిమట్టలు పరచుచు, వీపు ఇటు త్రిప్పియున్నాడు. నా గొంతు పెగలలేదు. అంతలో నాయనగారు కుంటుచునే ముందునకు దూకి, చేతనున్న కొయ్యముక్కను చక్రము క్రింద ద్రోసిరి. తేరు లాగునప్పుడు చక్రమునకు కొయ్య వేయువాడు చేయుపని యది. బండి ఎగిరిపడి నిలిచినది. ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. వెనుకకొన మన్ను మాత్రము పగిలినది. మామయ్య నన్నొక్క మాటయు ననలేదు. తిట్టియున్న బాగుండునని తోచినది.

క్రొత్త మన్ను మెత్తి ఆరుటకు ఒకదినము ఆగితిమి. మరునాడు తాటిమట్టలపై నుండి బండిని నీటిలోనికి నెట్టితిమి. చక్రములు మునిగినవి, ఇరుసు మునిగినది. ఒక్కసారిగా దోనె తనంతట తానే లేచి తేలినది. ఎత్తినవాడు లేడు, దింపినవాడు లేడు. ఖాళీబండిని త్రాటితో ఒడ్డునకు లాగి, ఇసుక కడిగి, ఇరుసునకు నూనె పెట్టితిమి. కడుగకున్నచో తుప్పుపట్టి బిగుసుకొనునని రెండవయేట తెలిసినది.

ఆ కొయ్యముక్కకు నాయనగారు రంధ్రము చేసి, త్రాటితో బండికి గట్టిరి. ఈ వేసవిలోను గట్టు దిగునప్పుడు దానిని చేతబట్టుకొని చక్రము ప్రక్కన నడచినది వారే.