మూడు నెలల గడువు

ముత్తుకూరులో మా పక్కింటి అమ్మాయి తన గైడు మీద రాసుకున్న ఫిర్యాదు తెచ్చి చూపించింది. "ఏడు నెలలైపోయింది పెద్దమ్మా, ఇంక తీసుకోరంట" అంది. 2013 చట్టం ప్రకారం గడువు మూడు నెలలే. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు.

నాకైతే పదకొండేళ్ళు పట్టింది. థీసిస్ దిద్దుతూ నా గైడు భుజమ్మీద వేసిన చేతిని అన్నాళ్ళూ వాత్సల్యమనే అనుకున్నాను. (అనుకోకపోతే సంతకం పడదు కదా!) 1997 నాటి విశాఖ తీర్పును క్లాసులో పాఠంగా చెప్పినప్పుడు కూడా ఆ చెయ్యి గుర్తుకురాలేదు.

వేధింపు పదేపదే జరిగితే గడువును ఆఖరి సంఘటన నుంచి లెక్కపెట్టాలి. "చివరిసారి ఎప్పుడు?" అనడిగాను.

ఆలోచించింది. "పోయిన నెల. సంతకం కావాలంటే సాయంత్రం ఒక్కదాన్నే ఇంటికి రమ్మన్నాడు. నేను పోలేదు. చెయ్యి వెయ్యలేదు గదా, అదీ లెక్కలోకి వస్తాదా?"

"వస్తుంది. తేదీతో సహా రాయి" అన్నాను.