సందక్‌ఫూ దారిలో పాత బండి

డార్జిలింగ్ నుండి పడమరగా, నేపాల్ సరిహద్దు దిక్కుకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేస్తే మానేభంజంగ్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరంటే ఒక బజారు. దానికి ఒక వైపు మన దేశం, రెండవ వైపు నేపాల్. అటు పోయి టీ తాగి వచ్చినవారు విదేశయాత్ర చేసి వచ్చామని చెప్పుకోవచ్చును. నేను ఆ యాత్ర రెండు మార్లు చేశాను.

ఉదయం ఆరు గంటల వేళ ఆ బజారంతా దగ్గుతుంది. మంచుకు తడిసిన పాత లాండ్‌రోవర్ బండ్లు ఒకటొకటిగా మేలుకొని, నల్లని పొగ వదలి, వణకుతూ వరుసలో నిలబడతాయి. రెండు దీపాలు ముక్కుకు చేరువగా ఉండటం వల్ల ఆ బండి ముఖం చూస్తే చత్వారపు కళ్ళద్దాలు పెట్టుకొన్న పాతకాలపు బడిపంతులు గుర్తుకు వస్తాడు. వీటిలో చాలా వరకు 1950 దశకంలో ఇంగ్లండులో తయారైనవి. తేయాకు తోటల దొరలు తెప్పించుకొన్నారు. దేశం విడిచి పోయేటప్పుడు అమ్మివేశారు. కొన్నవారిలో తోటల డ్రైవర్లూ, ఊరి వర్తకులూ ఉన్నారు. ఇక్కడి నుండి సందక్‌ఫూ శిఖరానికి 31 కిలోమీటర్లు. దాని ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాలులో అంతకు మించిన ఎత్తు లేదు. బండరాళ్ళు పరచిన ఆ దారిని దశాబ్దాల తరబడి ఎక్కగలిగిన వాహనం ఇదొక్కటే. పైనున్న పల్లెలకు బియ్యమూ, ఉప్పూ, కిరసనాయిలూ ఇదే మోసింది. కిందికి రోగులనూ, నెలలు నిండిన స్త్రీలనూ ఇదే దించింది.

నేను వెళ్ళినది కాంచనగంగ దర్శనం కొరకు. బండ్ల మీద నాకు మోజు లేదు. అయితే హైదరాబాదులో నా మేనల్లుడు అంతకు కొద్ది నెలల ముందు కొత్త డిఫెండర్ కొన్నాడు. ఈ పాత లాండ్‌రోవర్ వంశంలో అది నేటి తరం. 2020లో మన దేశంలో విడుదలైననాడే దాని ధర 70 లక్షలు దాటింది. నేను ఈ వైపు బయలుదేరుతున్నానని తెలియగానే, "మామయ్యా, అక్కడ మా బండి ముత్తాతలు ఉన్నాయట. ఫోటోలు తీసుకొని రండి. వీలైతే మా బండి ఫోటో కూడా వాళ్ళకు చూపి ఏమంటారో కనుక్కోండి" అని ఫోన్ చేశాడు. ఇది నాకు అప్పగించిన రాయబారం.

నా వంతుకు వచ్చిన బండి 1954 నాటిది. నడిపేవాడే దాని యజమాని. అరవై దాటిన నేపాలీ మనిషి. అక్కడి మర్యాద ప్రకారం నేను ఆయనను దాజ్యూ అని, అంటే అన్నగారూ అని పిలిచాను. ఆయన నన్ను సార్ అన్నాడు. ఆయన తండ్రి ఒక తేయాకు తోటలో డ్రైవరు. దొర వెళ్ళిపోతూ అమ్మిన బండిని అప్పు చేసి కొన్నాడట. తండ్రి పోయాడు, అప్పు తీరింది, బండి మిగిలింది.

ఊరు దాటగానే దారి నిట్టనిలువుగా లేస్తుంది. చిత్రే, మేఘ్మా, తుమ్లింగ్ అనే మజిలీలు వరుసగా వస్తాయి. దారి మన దేశంలో కొంతసేపు, నేపాల్‌లో కొంతసేపు సాగుతుంది. తుమ్లింగ్ పూర్తిగా నేపాల్‌లోనే ఉన్నది. సరిహద్దు ఎక్కడ దాటామో తెలియదు. ఒక పక్కనంతా సింగలీలా జాతీయవనం, గురాస్ చెట్లు, మాగ్నోలియాలు. ఎర్ర పాండా అక్కడ నివసిస్తుందని అందరూ చెబుతారు. ఆ రోజు అది మాత్రం మాకు దర్శనమివ్వలేదు. వసంతంలో వస్తే గురాస్ పూలతో కొండంతా ఎర్రబడుతుందట. నేను వెళ్ళినది నవంబరు. పూలు లేవు గాని ఆకాశం నిర్మలంగా ఉన్నది.

పూర్వపు బండరాళ్ళ మీద ఇటీవలి సంవత్సరాలలో చాలా మేర కాంక్రీటు పరిచారు. దానితో బొలేరోలు కూడా పైకి రావడం మొదలైంది. గైరీబాస్ దగ్గర ఒకటి మమ్మల్ని సునాయాసంగా దాటిపోయింది. దాజ్యూ పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు. "మంచి బండి. కూర్చొన్నవాళ్ళకు నడుము నొప్పి రాదు. మా పెద్దవాడు అదే కొందామంటున్నాడు" అన్నాడు. మరికొంత దూరం పోయిన తరువాత తక్కినది చెప్పాడు. నగరం నుండి ఒక పెద్దమనిషి వచ్చి ఈ పాత బండికి ధర చెప్పి పోయాడు. ఆయన పాత వాహనాలను సేకరించి గారేజీలో అలంకరించుకొంటాడట. ఆ సొమ్ము బొలేరోకు మొదటి వాయిదాకు సరిపోతుంది. కొడుకు ఒప్పుకోమంటున్నాడు. చలికాలం లోగా జవాబు చెప్పాలి.

బండిలో అసలుది ఎంత మిగిలి ఉన్నదని అడిగాను. ఇంజను ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది మహీంద్రా డీజిల్ ఇంజను. ఆ ఊరి బండ్లలో చాలా వాటికి ఇదే కథ. ఛాసిస్‌కు అతుకులు పడ్డాయి. కమాను పట్టీలు ఎన్ని మార్లు మార్చాడో లెక్క లేదు. ఒక తలుపుకు గడియ బదులు తీగ చుట్టి ఉన్నది. "ఒంటి రేకు మాత్రం అసలుదే సార్. దీనికి తుప్పు పట్టదు" అని వేలి కణుపులతో తట్టి చూపాడు.

ఆ రేకుకు తుప్పు పట్టకపోవడానికి కారణం ఒక కరువు. 1947లో, యుద్ధానంతర బ్రిటన్‌లో ఉక్కుకు రేషను ఉండేది. రోవర్ కంపెనీలో చీఫ్ ఇంజనీరైన మారిస్ విల్క్స్‌కు వేల్స్ తీరాన, ఆంగ్లెసీ ద్వీపంలో ఒక పొలం ఉన్నది. సైన్యం వదలించుకొన్న అమెరికన్ జీపు ఒకటి అక్కడ ఆయనకు వ్యవసాయపు పనులలో ఉపయోగపడేది. దానికి బదులుగా తామే ఒక బండి తయారు చేయవచ్చునని తోచి, అక్కడి రెడ్ వార్ఫ్ బే ఇసుకలో దాని ఆకారం గీసి సోదరుడు స్పెన్సర్‌కు చూపాడు. స్పెన్సర్ ఆ కంపెనీకి మేనేజింగ్ డైరెక్టరు. ఉక్కు దొరకదు గనుక పై రేకులకు అల్యూమినియం మిశ్రమాన్ని వాడారు. విమానాల కొరకు తయారై మిగిలిపోయిన ఆకుపచ్చ రంగు పూశారు. 1948 ఏప్రిల్ 30న ఆంస్టర్‌డాం ప్రదర్శనలో తొలి బండి లోకానికి కనిపించింది. కంపెనీ కష్టకాలం గడిచేవరకు రెండు మూడేళ్ళు అమ్ముకొంటే చాలుననుకొన్నారు. రైతు బండి అది. విలాసం దాని దరిదాపులలో లేదు.

విలాసం తరువాత వచ్చింది, 1970లో రేంజ్‌రోవర్ రూపంలో. పాత రైతు బండి కూడా కొద్ది కొద్ది మార్పులతో సాగి, 1990లో డిఫెండర్ అనే పేరు పెట్టుకొని, 2016 జనవరి 29న సోలిహల్ కర్మాగారంలో నిలిచిపోయింది. అప్పటికి తయారైనవి 20 లక్షలకు పైగా. ఈలోగా 2008లో కంపెనీ మన టాటాల చేతికి వచ్చింది. ఈ సంగతి దాజ్యూకు తెలుసు. "దొరలు పోయారు, బండి మన దగ్గర ఉండిపోయింది. ఆ తరువాత కంపెనీ కూడా మన దగ్గరికే వచ్చింది" అని నవ్వాడు. 2018లో కంపెనీ డెబ్బయ్యవ ఏడు జరుపుకొంటూ, ఈ ఊరి బండ్ల మీద ఒక చిత్రం తీసింది.

ఇక నా రాయబారం. కాలీపోఖ్రీ అంటే నల్లని మడుగు. ఎంత చలిలోనైనా దాని నీరు గడ్డకట్టదని అక్కడివారి నమ్మకం. ఒడ్డున రంగుల ప్రార్థనా పతాకాలు రెపరెపలాడుతుంటాయి. దాజ్యూ బండి ఆపి, బానెట్ ఎత్తి, రేడియేటరు చల్లబడే వరకు కూర్చొందామన్నాడు. అప్పుడు ఫోన్‌లో మేనల్లుడి బండి ఫోటో చూపాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. "ఇది లాండ్‌రోవరా?" అన్నాడు. అవునన్నాను. "బాగున్నది. మా మనవడు చూస్తే దీనిలోనే పడుకొంటానంటాడు." తరువాత వేళ్ళతో బొమ్మను పెద్దది చేసి చక్రాల దగ్గర ఆగాడు. కింద కమాను పట్టీలు ఉన్నాయా అని అడిగాడు. లేవు, గాలి నింపిన ఊతలు ఉన్నాయని, అవి బండిని తమంతట తామే ఎత్తి దించుతాయని నాకు తెలిసినంత చెప్పాను. ఛాసిస్? వేరుగా లేదు, ఒళ్ళంతా అల్యూమినియంతో ఒకే గూడుగా కట్టారు. నీళ్ళలో? 900 మిల్లీమీటర్ల లోతు వరకు పోతుంది. మొన్న నిలిచిపోయిన పాత డిఫెండర్ 500 వరకే. ఆయన తల పంకించాడు. అది మెప్పే.

"దారిలో ఆగిపోతే?"

"కంపెనీవారికి ఫోన్ చేస్తారు."

ఆయన చుట్టూ చూశాడు. నా ఫోన్‌లో సిగ్నల్ గీత ఒక్కటి లేదు. ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ తరువాత ఆయన ఒక మాట అన్నాడు: "సార్, నాకు ఈ బండి కొత్తదయినా పాతదయినా ఒకటే. నేను విప్పగలనా లేదా, అదే చూస్తాను. విప్పలేని బండికి నేను డ్రైవరును అవుతాను గాని యజమానిని కాను."

నేను ఇంటికి చేరిన తరువాత ఈ బండ్ల గురించి కొంత చదివాను. బ్రిటన్‌లోని పాత యజమానులు చేసిన అలజడి కూడా ఇటువంటిదే. 2011లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కంపెనీ ఒక నమూనా చూపినప్పుడే వారు మండిపడ్డారు. 2019 సెప్టెంబరులో అదే నగరంలో కొత్త డిఫెండర్ వచ్చినప్పుడు, దాని ఆకారం మెత్తబడిందని కొందరు, అది నగరవాసుల విలాసపు బండి అయిపోయిందని మరికొందరు నిష్ఠూరమాడారు. పైకి ఆకారాన్నే తిట్టారు గాని, ఎక్కువమంది బాధ పానా పట్టి తామే బాగు చేసుకొనే అవకాశం పోయిందన్నదే అని నాకు తోచింది. జిమ్ రాట్‌క్లిఫ్ అనే సంపన్నుడు అంతటితో ఊరుకోలేదు. పాత బండి వంటిదే విడిగా ఛాసిస్ ఉన్న బండిని తానే కట్టించి, లండన్‌లో తాను మెచ్చిన పానశాల పేరు మీద దానికి గ్రెనేడియర్ అని పేరు పెట్టాడు. పాత ఆకారం తమ సొత్తని కంపెనీ వాదించింది గాని, 2020లో అక్కడి హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. మరొక వైపు అదే కంపెనీ 2018లో పాత డిఫెండర్లకు పెద్ద ఇంజను అమర్చి 150 బండ్లు అమ్మకానికి పెట్టింది. ఒక్కొక్కటి లక్షన్నర పౌండ్లు మొదలు. పొలం దున్నుకొనేవాని కొరకు ఇసుకలో గీసిన బొమ్మకు ఆ ధర పలికింది.

మేనల్లుడికి దాజ్యూ మాటలు చెప్పాను. వాడు చిన్నబుచ్చుకొంటాడనుకొన్నాను. "మామయ్యా, ఆయన మాట నిజమే. నేను బానెట్ ఎత్తి ఎరుగను. కాని అమ్మ మోకాళ్ళు మీకు తెలుసు గదా. ఈ బండి ఆగగానే కొంచెం కిందికి వంగుతుంది, అమ్మ తనంతట తాను ఎక్కుతుంది. ఆ పాతదానిలో అమ్మను ఎలా ఎక్కించేది?" అన్నాడు. నా అక్కగారు మోకాళ్ళ నొప్పితో రెండేళ్ళు గడప దాటలేదు. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ పాత బండిలో 31 కిలోమీటర్లు కూర్చొన్న నా నడుము వాడి పక్షమే వహించింది.

అసలు చూడవలసినది చెప్పడం మరచాను. మరునాడు తెల్లవారుజామున సందక్‌ఫూ మీద చలికి పళ్ళు కొట్టుకొంటూ నిలబడ్డాము. మొదట కాంచనగంగ కొన అరుణమైంది. అక్కడి నుండి చూస్తే ఆ పర్వతశ్రేణి వెల్లకిలా శయనించిన బుద్ధుని వలె ఉంటుందని లోకం చెప్పుకొంటుంది. నిజంగానే అలాగే ఉన్నది. పడమట దూరంగా మకాలు, లోత్సేల నడుమ ఎవరెస్టు చిన్నదిగా, తన ఎత్తు తనకు తెలియనట్లుగా కనిపించింది. దాజ్యూ అటు ఒకసారి చూసి, చేతులు జోడించి, వెనుకకు తిరిగి బండి చక్రాలు తనిఖీ చేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

దిగేటప్పుడు బిఖేభంజంగ్ దాటాక కుడి వెనుక చక్రం దగ్గర ఏదో కిర్రుమన్నది. ఆయన ఆగలేదు, చెవి అటు పెట్టి నెమ్మదిగా నడిపాడు. మానేభంజంగ్ చేరేసరికి సాయంత్రమైంది. నేను సామాను దించుకొని, అమ్ముతారా అని అడిగాను. "చలికాలం గడవనీయండి సార్" అన్నాడు. చలికాలం లోగా చెప్పాలన్నారు గదా అంటే వినిపించుకోలేదు.

రాత్రి భోజనం చేసి వస్తుండగా చూశాను. బజారులో ఆ బండి ఒక పక్కకు ఎత్తి ఉన్నది. దాజ్యూ కాళ్ళు మాత్రం బయటకు కనిపిస్తున్నాయి. బొలేరో కొందామన్న కొడుకు పక్కన గొంతుకు కూర్చొని, ఒక చేత టార్చిలైటు, మరొక చేత పానా పట్టుకొని, తండ్రి అడిగిన సైజు కాదని తిట్లు తింటున్నాడు.