మంచు లేని ఊళ్లో...

ఇబ్రహీంపట్నం రింగ్ దగ్గర బస్సు దిగి టీ తాగేవాళ్లలో ఎంతమందికి తెలుసో కానీ, అక్కడ ముగిసే 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కడో హిమాలయాల కింద మొదలవుతుంది. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయల్దేరి ప్రయాగ, జబల్‌పూర్, రాయ్‌పూర్, జగదల్‌పూర్, భద్రాచలం మీదుగా సుమారు రెండువేల కిలోమీటర్లు ప్రయాణించి కృష్ణ పక్కన ఆగిపోతుంది. ఆ చివరి నుంచి ఇంకా పైకి, కొండల్లోకి వెళ్తే ఔలీ వస్తుంది. చలికాలంలో అక్కడ కాళ్లకు స్కీ చెక్కలు కట్టుకుని మంచు మీద జారుతుంటారు. ఈ చివర్న థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, లారీలు, కొండపల్లి బొమ్మల దుకాణాలు. మంచంటే ఇక్కడి పిల్లలకు తెలిసింది ధనుర్మాసంలో తెల్లారకుండా నది మీద కమ్ముకునే పొగమంచే.

మరి ఇక్కడ మంచు ఆటల ప్రస్తావన ఎందుకు? అదీ కాళ్లు సరిగా లేని పిల్లలు ఆడే మంచు ఆటల గురించి!

1970లో అమెరికాలోని డెన్వర్ పిల్లల ఆసుపత్రి నుంచి 23 మంది పిల్లలను దగ్గర్లోని వింటర్‌పార్క్ మంచుకొండకు తీసుకెళ్లారు. అందరూ కాలో చెయ్యో పోగొట్టుకున్నవాళ్లే. వాళ్లకు ఒక్కసారి స్కీయింగ్ నేర్పించి పంపాలన్నది ఆలోచన. హాల్ ఓలియరీ అనే శిక్షకుడు ముందుకొచ్చాడు. ఒక్కరోజు ముచ్చటగా మొదలైన ఆ పాఠం ఆగలేదు. వికలాంగుల జాతీయ క్రీడా కేంద్రంగా ఎదిగింది.

ఆ కొండ మీద ఏం జరుగుతుందో కాస్త నిదానంగా చూడాలి. నేల మీద ఒక్క అడుగు వెయ్యాలంటే కాలు ఎత్తాలి, బరువు మోపాలి, తూలకుండా నిలబడాలి. ఒక కాలు లేని పిల్లాడికి, కండరాలు బిగుసుకుపోయే పిల్లకి అదే పెద్ద యుద్ధం. మంచు మీద అంత శ్రమ లేదు. వాలు తానే లాక్కెళ్తుంది. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో చూసుకుంటే చాలు. ఒక కాలున్నవాళ్లకు ఒకటే స్కీ, రెండు చేతుల్లో చిన్న స్కీలు బిగించిన ఊతకర్రలు. మంచు మీద మూడు గీతలు పడతాయి కాబట్టి దీన్ని 'త్రీ ట్రాక్' అంటారు. కూర్చునే తప్ప కదల్లేని పిల్లలకు కుర్చీ కిందే స్కీ బిగిస్తారు. ఒకటుంటే మోనో స్కీ, రెండుంటే బై స్కీ. మెడ, నడుము నిలపలేని పిల్లలనైతే బై స్కీలో కూర్చోబెట్టి, వెనక నుంచి శిక్షకుడు పట్టీ పట్టుకుని కూడా వస్తాడు.

రోజూ ఎవరో ఒకరు ఎత్తుకుంటే, తోస్తే తప్ప కదలని పిల్లాడు జీవితంలో మొదటిసారి అమ్మకంటే వేగంగా వెళ్తాడు. వెనకాల అమ్మ పరుగెత్తాలి! అక్కడి శిక్షకులు ముందుగా నేర్పేవాటిలో పడటం కూడా ఒకటి. ఎటువైపు పడితే దెబ్బ తగలదో, పడ్డాక మళ్లీ ఎలా లేవాలో! మన ఇళ్లల్లో ఇలాంటి పిల్లలకు అసలు దొరకని పాఠం అదే. పడే అవకాశమే ఇవ్వం కదా.

ఈ పరికరాలన్నీ పిల్లల కోసం పుట్టినవేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో కాళ్లు పోగొట్టుకున్న సైనికులు ఆస్ట్రియా, జర్మనీల్లో ఊతకర్రలకు స్కీలు కట్టుకుని మళ్లీ కొండలెక్కారు. ఆ దారిలోనే 1976లో స్వీడన్‌లో మొదటి శీతాకాల పారాలింపిక్స్ జరిగాయి. సరిగ్గా యాభై ఏళ్లకు, 2026 మార్చిలో వాటికి వేదిక ఇటలీలోని మిలన్, కోర్టినా. పతకాల కథ వేరు, పిల్లల కథ వేరు.

పోలియోతో కాళ్లు చచ్చుబడ్డవాళ్లు ఒకప్పుడు ప్రతి ఊళ్లో కనిపించేవారు. దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ చివరి కేసు నమోదైంది 2011లో. దాంతో పిల్లల్లో వైకల్యమే పోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. పోలేదు. 'పుట్టగానే ఏడవలేదండీ' అని తల్లులు చెప్పే మాట వెనక చాలాసార్లు సెరిబ్రల్ పాల్సీ ఉంటుంది. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడు దెబ్బతిని కండరాలు మాట వినకపోవడం. వెన్నుపూస సరిగా మూసుకోక నడుం కింద స్పర్శ లేని పిల్లలున్నారు. కండరాలు క్రమంగా క్షీణించే పిల్లలున్నారు. రోడ్డు ప్రమాదాలు సరేసరి.

ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయి? విజయవాడలో ఫిజియోథెరపీ. ఇంటికొచ్చాక పది లెక్కపెడుతూ కాలు చాపడం, ముడవడం. ఆదివారం గుడి, ఏదో మొక్కు. సదరం శిబిరం, శాతం రాసిన సర్టిఫికెట్, పింఛను. చుట్టాలొస్తే ఒకటే ప్రశ్న: "ఎప్పటికి నడుస్తాడంటున్నారమ్మా డాక్టరు గారు?" బడిలో ఆటల పీరియడ్ వస్తే అందరూ గ్రౌండ్‌కి పరుగెడతారు. వీడు క్లాసులో కూర్చుని అందరి సంచులకూ కాపలా. ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. పడతాడేమోనని భయం, పోనీలే పాపమని జాలి. ఆ రెండూ కలిసి పిల్లాడి బాల్యాన్ని మింగేస్తున్నాయి. శరీరం ఎంత శాతం పనిచేయదో కొలిచే పద్ధతి ఉంది కానీ, వాడికి ఏం ఆడాలనుందో అడిగే కాలమ్ ఏ దరఖాస్తులోనూ ఉండదు!

కెనడాలో పిల్లల వైకల్యం మీద పనిచేసే పీటర్ రోజెన్‌బామ్, యాన్ విల్లెం గోర్టర్ అనే ఇద్దరు వైద్యులు 2012లో ఒక వ్యాసం రాశారు. బిడ్డ విషయంలో ఆరు సంగతులు చూడమన్నారు. చేయగలిగే పనులు, కుటుంబం, ఒంటి దారుఢ్యం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు. నడకా అందులో ఉంది, చేయగలిగే పనుల్లో ఒకటిగా. సరదాకూ దాంతో సమానంగా పీట వేశారు. ఇద్దరూ డాక్టర్లే మరి! ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 మార్గదర్శకాల్లో వికలాంగ పిల్లల గురించి విడిగా చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆటో పనో ఉండాలని. మిగతా పిల్లలకు చెప్పిందీ అంతే.

చట్టం సంగతికొస్తే, వికలాంగుల హక్కుల చట్టం 2016లో క్రీడల గురించి చెప్పే సెక్షన్ 30. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో ఈ పిల్లలకు మిగతావాళ్లతో సమానంగా ఆటపాటలుండాలని చెప్పే అధికరణం కూడా 30వదే. ఇబ్రహీంపట్నం రోడ్డు నంబరూ అదే కావడం చిత్రం. వికలాంగులు అన్నవాళ్లం దివ్యాంగులు అన్నాం, విభిన్న ప్రతిభావంతులు అన్నాం. పేర్లు మారినంత త్వరగా ఆటస్థలాల మెట్లు మారలేదు.

సరే, మంచు తెచ్చుకోలేం. లంబసింగి చలి కూడా మనకు చాలా దూరం. కానీ మంచు చేసే పనిని కృష్ణా డెల్టాలో ఇంకొకటి చేస్తుంది. నీళ్లు! నడుము లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువు సగానికి తగ్గినట్టుంటుంది. మెడ దాకా దిగితే పదోవంతు. నేల మీద నిలబడలేని పిల్ల నీళ్లలో నిలబడుతుంది. వాలు మీద మంచు కాలి బరువును మరిపించినట్టే ఇక్కడ నీళ్లు మరిపిస్తాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1949లో లండన్‌లోని హాలివిక్ అనే వికలాంగ బాలికల పాఠశాలలో జేమ్స్ మెక్‌మిలన్ ఈత నేర్పడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతికి ఆ బడి పేరే స్థిరపడింది. అందులో గాలి ట్యూబులు ఉండవు. ఒక్కో బిడ్డకు ఒక్కో మనిషి తోడు. మొదటి పాఠం చేతులు కాళ్లు ఆడించడం కాదు, నీళ్లలోకి బుడగలు వదలడం. నోట్లోకి నీళ్లు పోకుండా ఊపిరి వదలడం వస్తే సగం భయం పోతుంది. తర్వాత బోర్లా పడితే వెల్లకిలా తిరగడం. పక్కనున్న మనిషి పట్టు కొద్దికొద్దిగా సడలిస్తూ పోతాడు. చివరికి ఒకరోజు చెయ్యి తీసేస్తాడు. ఆ సంగతి కాసేపటికి గానీ పిల్లాడికి తెలియదు.

మనకున్న సౌకర్యం మరొకటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న చాలామంది పిల్లలకు చలి తగిలితే కండరాలు మరింత బిగుసుకుంటాయి, గోరువెచ్చని నీళ్లలో సడలుతాయి. కొలరాడోలో అన్నన్ని ఉన్ని బట్టలు తొడిగి కాపాడుకోవాలి. బెజవాడ ఎండలకు ఏప్రిల్‌లో ఈతకొలను నీళ్లు వాటంతటవే వెచ్చబడతాయి.

అలాగని నదిలోకి దించమని కాదు. ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం వద్ద 2017 నవంబరులో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అక్కడి నీటి లోతుతో, ఒరవడితో ఆటలొద్దు. లోతు తెలిసిన, మనుషులున్న ఈతకొలనే సరైన చోటు. అక్కడా కొన్ని జాగ్రత్తలున్నాయి. ఫిట్స్ వచ్చే పిల్లలైతే డాక్టరుకు చెప్పకుండా నీళ్లలోకి దించకూడదు. పుండ్లున్నా, మూత్రం గొట్టం ఉన్నా అడగాలి. కండరాలు క్షీణించే జబ్బుంటే అలసిపోయేదాకా ఆడించకూడదు. స్పర్శ లేని పాదాలను మంచులో గడ్డకట్టకుండా చూసుకుంటారు అక్కడ. ఇక్కడ అవే పాదాలు కాలిపోకుండా చూడాలి. మే నెల మధ్యాహ్నం కొలను గట్టు పెనంలా ఉంటుంది, పిల్లాడికి చురుక్కుమనదు. సాయంత్రం చూస్తే బొబ్బలు! గరుకు సిమెంటు మీద పాదం రాసుకున్నా అంతే. కాబట్టి మేజోళ్లు తప్పనిసరి, పొద్దున్నో సాయంత్రమో వెళ్లడం మేలు.

అసలు చిక్కు నీళ్లలో కాదు, నీళ్లదాకా వెళ్లడంలో ఉంది. చాలా కొలనుల్లోకి దిగడానికి నిటారుగా ఒక ఇనుప నిచ్చెనే ఉంటుంది. బట్టలు మార్చుకునే గదికి మెట్లు. పదేళ్లొచ్చిన పిల్లను తల్లి ఒక్కతే ఎత్తి దించలేదు. ఆడపిల్లయితే ఇంకో అరడజను అభ్యంతరాలు. అందుకే ఒక్క ఇల్లు వెళ్లి అడగడం కంటే నాలుగు ఇళ్లు కలిసి అడగడం నయం. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఈ తల్లులు ఒకరికొకరు తెలిసినవాళ్లే. వారంలో ఒక గంట కొలను మీకు కేటాయించమంటే నిర్వాహకులు కాదనడానికి మొహమాటపడతారు. వాలుగా ఒక ర్యాంపు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎత్తి దించడం తెలిసిన ఇద్దరు నాన్నలు... మొదలుపెట్టడానికి అంతకంటే అక్కర్లేదు.

నీళ్ల మీద మన తెలుగువాళ్ల విజయం కూడా ఒకటుంది. నంద్యాల ప్రాంతానికి చెందిన సైనికుడు కొంగనపల్లె నారాయణ మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాడు. తర్వాత పడవ నడపడం నేర్చుకుని, సహచరి అనితతో కలిసి 2023లో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో రోయింగ్‌లో రజతం తెచ్చాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లోనూ ఆ జంట పడవ నడిపింది. ఆయన పెద్దయ్యాక మొదలుపెట్టాడు. చిన్నప్పుడే మొదలుపెట్టగల పిల్లలు మన వీధుల్లో ఉన్నారు. అందరూ పారిస్ వెళ్లాలని కాదు, ముందు కొలను దాకా వెళ్లాలి కదా.

ఆ కొలను దొరికేదాకా ఆగాల్సిన పనీ లేదు. మనకూ శీతాకాల క్రీడ ఒకటుంది. సంక్రాంతి గాలిపటం! ఏటా అది మేడ మీదికెక్కిపోతుంది. మెట్లెక్కలేని పిల్లాడు కింద వరండాలో కూర్చుని కేకలు వింటుంటాడు. ఈసారి పటాలను కిందికి దించితే సరి. తీగలు లేని ఖాళీ స్థలమో, కోత అయిపోయి గట్టిపడ్డ చేనో చాలు. చక్రాల కుర్చీకి బ్రేకులు వేసి, నడుముకు ఒక తువ్వాలు కట్టి, గాలికి వీపు పెట్టి కూర్చోబెట్టాలి. ఇరవై గజాల అవతల తమ్ముడో చెల్లెలో పటం పట్టుకుని నిలబడి వదలాలి. మామూలు నూలు దారం చాలు, వేళ్లు కోసే మాంజా వద్దు. వేళ్లు సరిగా ముడుచుకోకపోతే చరఖాను కుర్చీ చేతికే కట్టేయొచ్చు. పక్కనున్న పెద్దవాళ్లు మాటిమాటికీ దారం లాక్కోకుండా ఉంటే చాలు. పటం తెగిందా... పదో పరకో పెట్టి ఇంకోటి కొనిపెట్టడమే.